పావు ధర కంపాసు

సముద్రం ఒడ్డున పేర్లపాకలు అని ఓ ఊరు. ఆ ఊళ్ళో గవరమ్మ ఇల్లంత తెలివైన ఇల్లు ఇంకోటి లేదు. ఈ మాట ఊరు అనలేదు, గవరమ్మే అంది. ముగ్గురు కొడుకులూ అవునన్నారు. నలుగురు కలిసి ఒక మాటంటే అది నిజమే కదా మరి!

"మన తెలివి చూసి ఊరంతా నోరు తెరుచుకుని నిలబడిపోతోందిరా," అనేది గవరమ్మ.

నిలబడేవాళ్ళు, పాపం. ఏం చేస్తారు? వానొస్తే గొడుగు తడిసి పాడైపోతుందని దాన్ని చొక్కా లోపల దాచుకుని వీళ్ళు తడుస్తూ వెళ్ళేవాళ్ళు. దీపం వెలుగుతోందో లేదో చూడ్డానికి ఇంకో దీపం వెలిగించుకునేవాళ్ళు.

పెద్దవాడు ఎల్లాజీ. మెత్తని మనిషి, కళ్ళల్లో ఎప్పుడూ నీళ్ళే. రెండోవాడు దానయ్య, ఇంటికి పండితుడు. ఐదేళ్ళు బడికెళ్ళాడు, ఐదేళ్ళూ ఒకటో తరగతే. "గట్టిగా చదివాడు" అనేది తల్లి. మూడోవాడు సింహాద్రి. వాడికి ఏ పని చెప్పినా చేసేస్తాడు. ఆపమని చెప్పేదాకా చేస్తూనే ఉంటాడు.

ఒకసారి అమ్మవారి తీర్థంలో గాజుల కొట్టు దగ్గర ఎల్లాజీ ఒక పిల్లని చూశాడు. చివరిదిబ్బ దీవి పిల్ల, పేరు ముత్యాలు. చేతికి ఆకుపచ్చ గాజులు తొడుక్కుని, చెయ్యి పైకెత్తి, ఎండలో తిప్పి చూసుకుని నవ్వింది. ఆ నవ్వు ఎల్లాజీ మీద పడింది. అంతే! మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు గవరమ్మ "తినరా" అంటే తిన్నాడు.

"మూడు రోజులు ఎందుకు తినలేదురా?"

"ఎవరూ తినమనలేదు కదమ్మా."

ముత్యాలుకీ ఎల్లాజీ నచ్చాడు. అదెలాగంటే నాకూ తెలీదు, అలాంటివి ఎవరికీ తెలీవు. ఆమె తండ్రి పోలిరాజు ఒప్పుకున్నాడు గానీ ఒక్క మాట అన్నాడు. "మా దిబ్బలో ఓ ఆచారం ఉంది. పెళ్ళికొడుకు తన తెరచాప పడవ తానే నడుపుకుంటూ మా రేవుకి రావాలి. నీడ కాళ్ళ కిందికి వచ్చేలోగా రావాలి. సముద్రంలో దారి తెలియనివాడికి పిల్లనెలా ఇస్తాం?"

"మాకు తెలియని దారా!" అంది గవరమ్మ.

మొదటి ముహూర్తానికి అన్నదమ్ములు ముగ్గురూ బయల్దేరుతుంటే ఊళ్ళోవాళ్ళు దారి చెప్పారు. "దీవి తూర్పున ఉంది. పొడిచే సూర్యుడికి ఎదురుగా పొండి, తిన్నగా వెళ్ళిపోతారు."

సూర్యుడికి ఎదురుగా పోయారు. సూర్యుడు నడినెత్తికొచ్చాడు, పడవ ఆపి పైకి చూస్తూ కూర్చున్నారు. సూర్యుడు పడమటికి తిరిగాడు, వీళ్ళూ పడవ తిప్పారు. సాయంత్రానికి ఓ ఒడ్డు వచ్చింది. ఇంకేముంది, గబగబా దిగి, ఎదురుగా కనిపించిన ఇంటి తలుపు కొట్టారు.

గవరమ్మ తలుపు తీసింది. "ఎవరు బాబూ మీరు? మొహాలు ఎక్కడో చూసినట్టుంది."

"పెళ్ళివారమండీ. ముత్యాలు గారి ఇల్లు ఇదేనా?"

"ముత్యాలు ఇక్కడ లేదు నాయనా. ఆమెని చేసుకోడానికే మా అబ్బాయిలూ వెళ్ళారు. దార్లో కనిపించారా?"

"లేదండీ. పాపం, దారి తప్పారేమో," అన్నాడు ఎల్లాజీ జాలిగా.

రెండో ముహూర్తానికి దానయ్య ఇంకో ఉపాయం కనుక్కొచ్చాడు. చివరిదిబ్బకి వెళ్ళే పడవ ఒకటి ముందు బయల్దేరింది. "ఆ పడవ వెనకాలే ఉండండి" అని ఊరి సరంగు చెప్పాడు. వెనకాలే ఉన్నారు. ఆ పడవ మధ్యలో లంగరు దించి వల వేసుకుంది. రెండు రోజులు అక్కడే ఉంది. వీళ్ళూ రెండు రోజులు దాని వెనకాలే ఉన్నారు.

దాంతో పోలిరాజుకి ఒళ్ళు మండింది. కబురు పంపాడు. "వచ్చే శుక్రవారం. అదే ఆఖరు. రాకపోతే పిల్లని ఐసు ఫ్యాక్టరీ సూపర్‌వైజరుకి ఇచ్చేస్తాను. ఆయన దారి తప్పడు, ఆయనకి స్కూటరుంది."

ముత్యాలు కూడా చేపలమ్మే మనిషితో ఓ మాట పంపింది. "ఈసారి రాకపోతే ఏడుస్తానని చెప్పు."

ఎల్లాజీ వెంటనే కూర్చుని ఏడవడం మొదలుపెట్టాడు.

"ఇంకా శుక్రవారం రాలేదు కదరా!" అన్నాడు దానయ్య.

"ఆ పిల్ల ఒక్కతే ఏడిస్తే అలిసిపోతుందిరా. సగం నేను ఏడ్చేస్తున్నాను."

గవరమ్మ కొంగు బిగించింది. "ఏడుపులు చాలు. దారి చూపించే సామాను కొనాలి. టవునులో అమ్ముతారట. చవగ్గా ఉండేది చూసి తెద్దాం, పదండి."

హార్బరు పక్కన పడవ సామాన్ల కొట్టు ఉంది. కొట్టు యజమాని కామేశం ఓపిక గల మనిషి. ఆ రోజు పొద్దున్నదాకా.

"చిన్న తెరచాప పడవండీ. దీవికి దారి కావాలి," అన్నాడు దానయ్య.

కామేశం గాజుబిళ్ళ ఉన్న ఓ డబ్బా తీశాడు. "ఇది జీపీఎస్. సముద్రంలో ఎక్కడికెళ్ళినా మీరెక్కడున్నారో చెబుతుంది."

"ఇప్పుడు మేమెక్కడున్నాం?"

"మా కొట్లో."

"అది మాకు తెలుసు కదండీ! దీని ధరెంత?"

"పద్దెనిమిది వేలు."

గవరమ్మ బుగ్గలు నొక్కుకుంది. "కొట్లో ఉన్నామని చెప్పడానికి పద్దెనిమిది వేలా! మీరు ఊరికే చెప్పారు కదా ఇప్పుడు."

కామేశం గొంతు సవరించుకుని దుర్భిణీ చేతికిచ్చాడు. "పోనీ ఇది తీసుకోండి. దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది."

ఎల్లాజీ కళ్ళకి పెట్టుకున్నాడు. దూరాన ఉన్న ఓడ ముక్కు మీదికి వచ్చింది. కెవ్వుమని కేకేసి సింహాద్రి వెనక దాక్కున్నాడు. దానయ్య దాన్ని లాక్కుని, దాంట్లోంచే ధర చీటీ చూశాడు. "అమ్మో, ఎంత పెద్ద ధరో!" తిరగేసి పట్టుకుని చూశాడు. మొహం వికసించింది. "షావుకారు గారూ, ఇటునుంచి చూస్తే చాలా చిన్న ధరండీ. ఇటువైపు బేరానికి ఇచ్చెయ్యండి."

కామేశం దుర్భిణీ తీసుకుని లోపల పెట్టేశాడు. సముద్రం పటం తీసి పరిచాడు. "ఇదిగో నీలంగా ఉన్నదంతా సముద్రం. ఈ చుక్క మీ చివరిదిబ్బ."

ఎల్లాజీ ఆ చుక్కని చూసి చిన్నబోయాడు. "ఇంత చోట్లో నా ముత్యాలు ఎలా నిలబడుతోందో! కూర్చోడానికైనా జాగా లేదు. త్వరగా వెళ్ళాలిరా దానయ్యా."

కామేశం నుదురు తుడుచుకున్నాడు. అరలో అడుగునుంచి ఓ గుండ్రటి కంపాసు తీశాడు. "ఇంతకంటే చవకైంది నా దగ్గర లేదు. ఎనిమిది వందలు. ఈ ముల్లు ఎప్పుడూ ఉత్తరమే చూపిస్తుంది."

"మాకు తూర్పు కావాలండీ."

"ఉత్తరం తెలిస్తే తూర్పు తెలిసినట్టే. ముల్లుకి కుడిచేతి వైపు."

దానయ్య ఆలోచించాడు. "మా సింహాద్రిది ఎడమచేతి వాటమండీ. వాడు చుక్కాని పడితే ఎలా?"

కామేశం కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది తూర్పు చూపించదు, పడమర చూపించదు, దక్షిణం చూపించదు. నాలుగు దిక్కుల్లో ఒక్క దిక్కు చూపించేదానికి మొత్తం ధర ఎలా ఇస్తామండీ? పావు ధర ఇస్తాం."

గవరమ్మ కొడుకుని చూసి పొంగిపోయింది. ఐదేళ్ళ చదువు మరి!

కామేశం గోడ గడియారం కేసి చూశాడు. పొద్దున్న కొట్టు తెరవగానే వచ్చారు, మధ్యాహ్నం దాటుతోంది. "రెండు వందలిచ్చి తీసుకుపోండి. రెండు మాటలు మాత్రం గుర్తుంచుకోండి. దీని దగ్గరికి ఇనుము రానివ్వొద్దు, ముల్లు అటు తిరిగి తప్పు చెబుతుంది. ఇక ముల్లుని నమ్ముకుని పొండి, మీ చిత్తానికి ఆగకండి."

"ముల్లు చెప్పేదాకా ఆగమండీ," అని మాటిచ్చాడు ఎల్లాజీ.

ఇంటికొచ్చి పడవ చూసుకున్నారు. చూస్తే ఏముంది? ఎక్కడ చూసినా ఇనుమే! లంగరు తీసి పక్కింటి దొడ్లో పారేశారు. కత్తి పారేశారు. అప్పుడు దానయ్యకి మేకులు కనిపించాయి.

"సింహాద్రీ, మేకులు కూడా ఇనుమేరా. పీకెయ్."

అంతే! సింహాద్రి పీకడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి మేకులన్నీ ఒక కుప్ప, చెక్కలన్నీ ఒక కుప్ప. పడవ లేదు. సింహాద్రి ఇంటి తలుపుకున్న మేకులు పీకుతుండగా ఎవరో ఆపమన్నారు.

"ఇప్పుడు పడవ ఏదిరా?" అని గుండె బాదుకున్నాడు ఎల్లాజీ.

గవరమ్మ మాత్రం బెదరలేదు. "మా అమ్మమ్మ కాలంలో పడవలకి మేకులెక్కడివిరా? కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు. నేను కుడతాను." కూర్చుని కుట్టింది. నిజానికి బాగానే కుట్టింది. పడవ పడవలాగే వచ్చింది. చెక్కలు కదలకుండా పట్టుకున్న సింహాద్రి పంచె కూడా కలిపి కుట్టేసిందంతే. వాడు లేవబోతే పడవ లేచింది.

"మంచిదే. పడవ ఎవరూ ఎత్తుకుపోలేరు," అన్నాడు దానయ్య.

ఇక కంపాసు పరీక్ష. అందరూ చుట్టూ చేరారు. ముల్లు కుదురుగా నిలబడింది. గవరమ్మ వంగి చెయ్యి పెట్టింది. ముల్లు గిర్రున ఆమె వైపు తిరిగింది!

గవరమ్మ గాజులకి ఎప్పుడూ ఓ గుత్తి పిన్నీసులు వేలాడుతుంటాయి. అవి ఎవరికీ తట్టలేదు. దానయ్య కళ్ళు పెద్దవి చేశాడు. "అమ్మా! నర్సమ్మ నీకు ఏం బిళ్ళలిచ్చింది?"

"రక్తం తక్కువుందని ఐరన్ బిళ్ళలు ఇచ్చిందిరా. మూడు నెలలు మింగాను."

"అయిపోయింది! మూడు నెలల ఇనుము నీ కడుపులో ఉంది. నువ్వు పడవెక్కితే పెళ్ళి గోవిందా."

గవరమ్మ ముక్కు చీదింది. "పెద్దకొడుకు పెళ్ళి చూడకుండా ఉంటానట్రా?"

ఎల్లాజీకి జాలేసింది. ఇంట్లో రాగి గంగాళం ఉంది, నీళ్ళు కాచుకునేది. రాగి కదా, ఇనుము కాదు కదా! అమ్మని గంగాళంలో కూర్చోబెట్టి, పది బారల తాడుతో పడవకి కడదామన్నాడు. అందరూ వాడిని మెచ్చుకున్నారు.

ఇంకో చిక్కు మిగిలింది. ముల్లు ఉత్తరం చూపిస్తుంది, దీవి తూర్పున ఉంది. దానయ్య నేల మీద గీతలు గీసి, చెరిపి, మళ్ళీ గీసి లేచి నిలబడ్డాడు. "దీవికి సరిగ్గా దక్షిణం వైపు నిలబడ్డామనుకో. అప్పుడు దీవి మనకి ఉత్తరానే కదా ఉండాలి! అక్కడిదాకా పడవ మోసుకుపోదాం. అక్కడినుంచి ముల్లే తీసుకుపోతుంది."

పేర్లపాకల నుంచి సముద్రంలోకి సన్నగా ఇసకమేట ఒకటి పోతుంది. అది వంకర తిరిగి, చివరిదిబ్బకి సరిగ్గా దక్షిణాన, రేవు ముందు ఆగుతుంది. నడిచేవాళ్ళు పూటలో నడిచేస్తారు. శుక్రవారం తెల్లవారగానే ముగ్గురూ పడవ బోర్లించి నెత్తిన పెట్టుకున్నారు. తెరచాప కట్టే వాడకొయ్యని దాని మీద కట్టారు, అది వెనక్కి పొడుచుకొచ్చింది. ముందు దానయ్య, అరచేతిలో కంపాసు. మధ్యలో ఎల్లాజీ, చివర సింహాద్రి. పది బారల వెనక గవరమ్మ, నడుముకి తాడు, నెత్తిన గంగాళం.

ఎండ ఎక్కింది. ఎల్లాజీకి గుబులు పట్టుకుంది. "నీడ కాళ్ళ కిందికి వస్తోందేమో చూడరా!"

దానయ్య కిందికి చూశాడు. "మన నీడే లేదన్నియ్యా. ఉన్నదంతా పడవ నీడే. పడవకి కాళ్ళు లేవు. ఇక మధ్యాహ్నం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఎల్లాజీ గుండె తేలికపడింది.

మేట చివరికి వచ్చారు. ముల్లు తిన్నగా ఎదుటి రేవునే చూపిస్తోంది. మధ్యలో చిన్న పాయ, మొలలోతు నీళ్ళు. అవతల పసుపు చీర కట్టుకుని, చేతిలో దండతో ముత్యాలు. గాలికి ఆమె కొంగు రెపరెపలాడుతుంటే ఎల్లాజీకి అదే తెరచాపలా కనిపించింది.

"బావా! నడిచి వచ్చెయ్, మొలలోతే!" అని అరిచింది ముత్యాలు.

"నడవకూడదు ముత్యాలూ! పడవలో రావాలన్నాడు మీ నాన్న!"

పడవ నీళ్ళలో దించారు. గవరమ్మ గంగాళంలో కూర్చుంది. చాప ఎత్తారు, గాలి పట్టింది, పడవ కదిలింది! కుట్ల సందుల్లోంచి నీళ్ళొస్తున్నాయి గానీ, సింహాద్రి తోడుతూనే ఉన్నాడు. వెనక గంగాళం గిరగిరా తిరుగుతుంటే గవరమ్మ ఒకసారి పేర్లపాకలకీ, ఒకసారి చివరిదిబ్బకీ దండం పెడుతోంది.

పడవ రేవుకి తగిలింది. ఒడ్డున పోలిరాజు తన నీడ చూసుకున్నాడు. ఇంకా జానెడుంది. వచ్చేశారు! మూడోసారికి వచ్చేశారు! డప్పులు మోగాయి. ముత్యాలు దండ పైకెత్తింది.

దానయ్య కంపాసు చూశాడు.

"ఆగండి. ముల్లు ఇంకా ముందుకే చూపిస్తోంది. దీవి ఇంకా రాలేదు."

"ముల్లు చెప్పేదాకా ఆగమని మాటిచ్చాను," అన్నాడు ఎల్లాజీ. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముత్యాలు ఎదురుగానే ఉంది మరి. అయినా మాట మాటే.

ఇంకేముంది, పడవ మళ్ళీ నెత్తికెక్కింది. ముగ్గురూ ముత్యాలు పక్కనుంచే ఉత్తరానికి నడిచారు. వెనకాల ఇసక మీద గంగాళం గరగరా ఈడ్చుకుపోతోంది, అందులో గవరమ్మ. దార్లో పెళ్ళిపందిరి ఉంది. పందిట్లోంచే పోయారు. పొడుచుకొచ్చిన వాడకొయ్య పందిరి తాటాకులకి తగులుకుంది. అంతే! గుంజలతో సహా పందిరీ బయల్దేరింది. నీడ పోయిన చుట్టాలు కుర్చీలు ఎత్తుకుని పందిరి వెనక పరిగెత్తారు. డప్పులవాళ్ళు పెళ్ళి ఊరేగింపనుకుని ఇంకా గట్టిగా వాయించారు.

"ఓరి నాయనో! అల్లుడు పందిరి పట్టుకుపోతున్నాడు!" అని పోలిరాజు తల పట్టుకున్నాడు. "ఇంకో వంద అడుగులు పోతే దిబ్బ అయిపోతుంది! అవతలంతా సముద్రమే!"

ముత్యాలు పక్కనే పరిగెడుతోంది. "బావా, ఇక్కడే! నేనిక్కడే! ఆగు!"

"ముల్లు తిరగడం లేదు ముత్యాలూ!"

"ఎప్పుడు తిరుగుతుంది అది?"

"ఇనుము దగ్గరికొస్తేనే తిరుగుతుందట!" అని ఏడుస్తూ చెప్పాడు ఎల్లాజీ.

ముత్యాలు టక్కున ఆగింది. వెనక్కి తిరిగి వంటల దగ్గరికి పరిగెత్తింది. పొయ్యి పక్కనున్న ఇనప పెనం అందుకుని, పసుపు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి, ఒక్క ఉరుకున వచ్చి కంపాసు పక్కన పెట్టింది. ముల్లు వణికింది. ఊగింది. ముత్యాలు వైపు తిరిగి నిలబడిపోయింది.

"ఉత్తరం మారింది!" అని కేకేశాడు దానయ్య.

ముత్యాలు పెనం పట్టుకుని వెనక్కి నడిచింది. ఆమె ఎటు నడిస్తే ముల్లు అటు, ముల్లు ఎటు తిరిగితే పడవ అటు, పడవ ఎటుపోతే పందిరి అటు. రేవు దగ్గరికొచ్చి నిలబడింది. పడవ ముక్కు ఆమె కాళ్ళ దగ్గర ఆగింది.

"ఇక్కడికేనన్నమాట ఇన్నాళ్ళూ రావాలనుకుంది," అన్నాడు ఎల్లాజీ.

పెళ్ళయిపోయింది. ఆ పెళ్ళి ఫొటో చూడండి కావాలంటే, పెళ్ళికూతురి చేతిలో పెనం ఉంటుంది.

భోజనాలయ్యాక ఇంటికి బయల్దేరాలి. మళ్ళీ దానయ్యకి అనుమానం వచ్చింది. "ఇంటికి దారేది? ముల్లు ఇప్పుడు వదినని చూపిస్తోంది. వదిన ఎక్కడుంటే అటే మన దారి. కాబట్టి ముందు వదిన మనింటికి వెళ్ళిపోవాలి. అప్పుడు ముల్లు ఇంటిని చూపిస్తుంది, మనం వెళ్ళిపోతాం."

"నేనే ముందు నడుస్తాను, మీరు నా వెనక రండి," అంది ముత్యాలు.

"తప్పు! వెనకాలే ఉండి ఒకసారి మోసపోయాం," అన్నారు ముగ్గురూ.

ముత్యాలు మొగుడి కేసి చూసింది. ఎల్లాజీ ఆమెని అంత నమ్మకంగా చూస్తున్నాడు. ఏమంటుంది? తోడుకి మేనత్తని తీసుకుని, పెనం చంకన పెట్టుకుని, ఇసకమేట మీద నడిచి అత్తారింటికి వెళ్ళింది. దీపం వెలిగించి, పెనం గుమ్మంలో పెట్టి, దారి చూస్తూ కూర్చుంది.

ఇక్కడ వీళ్ళు కంపాసు చుట్టూ కూర్చున్నారు. ఆమె అటు దాటగానే ముల్లు ఉత్తరానికి తిరిగిపోయింది. "ఇంకా చేరలేదు," అన్నాడు దానయ్య. రెండో రోజూ చేరలేదు. మూడో రోజూ చేరలేదు. పోలిరాజు ఇంట్లో చేపల పులుసు గిన్నెలు గిన్నెలు ఖాళీ అవుతున్నాయి. వియ్యాలవారిని పొమ్మనలేడు కదా! సింహాద్రికి పెళ్ళినాడు ఎవరో "ఇంకొంచెం తిను బాబూ" అన్నారు. ఆపమని ఎవరూ అనలేదు. వాడు ఇంకా తింటున్నాడు. ఎల్లాజీ మాత్రం ముల్లుకి ముద్దులు పెట్టి బతిమాలుకుంటున్నాడు. "తిరగవే తల్లీ, ఒక్కసారి తిరుగు."

ఐదో రోజు ముత్యాలుకి ఓపిక అయిపోయింది. పెనం చంకన పెట్టుకుని, మేట మీద నడిచి, పాయలో దిగి, చీర పిండుకుంటూ పుట్టింటి గుమ్మంలో అడుగు పెట్టింది. పెనం ఠంగున కంపాసు పక్కన దించింది.

ముల్లు గిర్రున తిరిగింది!

ఎల్లాజీ ఒక్క గెంతు గెంతాడు. "తిరిగింది! ముత్యాలు మనింట్లో ఉంది! ఇల్లొచ్చేసిందమ్మా!"

"నాకు తెలుసురా, ఓపిక పడితే ఇల్లే వస్తుందని," అంది గవరమ్మ. చుట్టూ చూసుకుంది. "ఐదు రోజులు మనం లేకపోతే ఎంత మారిపోయిందో!" దానయ్య గోడకి మేకు కొట్టి చొక్కా తగిలించుకున్నాడు. సింహాద్రి పంచెకున్న పడవతో సహా వసారాలో పడుకున్నాడు. ఎల్లాజీ ముత్యాలు చెయ్యి పట్టుకుని ఆ ఆకుపచ్చ గాజులు లెక్కపెడుతూ, ఇంక ఏ దిక్కూ అక్కర్లేనట్టు కూర్చున్నాడు. ముత్యాలు వాడి మొహం చూసి, లెక్కపెట్టుకోమని రెండో చెయ్యి కూడా ఇచ్చింది.

పోలిరాజు తన గుమ్మంలోనే నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

గవరమ్మ ఆయన్ని చూసి గబగబా లేచి, పీట వాల్చి, చెంబుతో నీళ్ళిచ్చింది.

"రండి అన్నయ్యగారూ, కూర్చోండి. కూతుర్ని చూడ్డానికి ఇంత దూరం వచ్చారు, ఎంత ప్రేమో! ఇంతకీ, మా ఇంట్లో ఎన్నాళ్ళుంటారు?"